అట్ట మీది అక్షరాలు

మా ఆయన బాపిరాజుగారికి పరీక్ష అన్న మాట చెవిన పడితే చాలు, ఇక వేరే ధ్యాస ఉండదు. భీమవరంలో పదో తరగతి నుంచి సౌదీలోని జుబైల్‌లో పెట్రోకెమికల్ ప్లాంటు ఇంజనీరు ఉద్యోగం దాకా ప్రతి మెట్టూ పరీక్ష రాసే ఎక్కారాయన. అందుకే మా సుప్రజని ఇండియన్ స్కూల్లో చేర్చేటప్పుడు కళ్ళకు కూడా పరీక్ష ఉంటుందని తెలియగానే, దానికీ కోచింగ్ మొదలుపెట్టారు.

తోటి ఇంజనీరు శరత్ కొడుకు ఆ పరీక్షలో నోరు మెదపలేదట, మళ్ళీ తీసుకురమ్మన్నారట. అలాంటి అవమానం మన ఇంటికి రాకూడదన్నారు ఈయన. స్కూల్లో నర్సు గది గోడకున్న చార్టు చూసొచ్చి, ఫ్రిజ్ తాలూకు అట్టపెట్టె కోసి, నల్ల మార్కరుతో అచ్చం అలాగే రాసి తలుపుకి తగిలించారు. పైన పెద్ద ఈ. దాని కింద ఎఫ్, పీ. ఆ కింద టీ, ఓ, జెడ్. పొద్దున పాలు తాగే ముందు ఒకసారి, సాయంత్రం ఆయన ఇంటికి రాగానే ఒకసారి, ఎక్కాల్లాగా వల్లె వేయించారు. ఒక కన్ను మూసి, రెండో కన్ను మూసి, పిల్ల ఊగుతూ అప్పజెప్పేది. నర్సు ముందు గుక్క తిప్పుకోకుండా చెప్పేసి చాక్లెట్ కూడా తెచ్చుకుంది. ఈయన ఆ సాయంత్రం మా కంపెనీ ఇళ్ళున్న కాంపౌండంతా జిలేబీలు పంచారు. కూతురి కళ్ళు బాగున్నాయని స్వీట్లు పంచిన తండ్రి సౌదీ మొత్తం మీద ఈయనొక్కరే అయ్యుంటారు.

అప్పటికి యుద్ధం మాట ఎవరి నోటా లేదు. ఆగస్టులో మా పక్కనున్న కువైట్‌ను దాని పొరుగు దేశం ఆక్రమించింది. జనవరి వచ్చేసరికి మా కిటికీలకు టేపులు, తలుపుల కింద తడి తువ్వాళ్ళు, మనిషికో గ్యాస్ మాస్కు వచ్చి చేరాయి. పాస్‌పోర్టులు కంపెనీ దగ్గరున్నాయి. ప్లాంటు ఆగకూడదు కాబట్టి ఇంజనీర్లకు దేశం విడిచే ఎగ్జిట్ అనుమతి ఇచ్చేది లేదన్నారు. నన్నూ పిల్లనీ పంపేద్దామని ఈయన తిరిగారు గానీ అప్పటికి విమానాలు ఆగిపోయాయి. మాస్కులతో పాటు పంచిన కాగితంలో, విషవాయువు తగిలితే ముందుగా చూపు మసకబారుతుందని రాసి ఉంది. అది చదివిన దగ్గర్నుంచి ఉన్నట్టుండి బల్బు వైపు చూసి, సరిగ్గానే కనిపిస్తోందా అని నన్ను నేను ప్రశ్నించుకోవడం అలవాటైపోయింది.

ఒకరోజు దీపాలు పెట్టే వేళ సైరన్ మోగింది. ఈయన డ్యూటీలో ఉన్నారు. పిల్లని లోపలి గదిలోకి లాక్కెళ్ళి, తలుపు సందులకు టేపు వేసి, ముందు దానికి మాస్కు తొడిగాను. అది పెద్దవాళ్ళ కొలత. పట్టీలు ఎంత బిగించినా పిల్ల తల మీద నిలవదు. నా మాస్కు ఇంకా చేతిలోనే ఉంది. సుప్రజ నా వైపు తిరిగి ఆ రబ్బరు లోపల్నుంచి అడిగింది.

"అమ్మా, నీ ముఖం ఏది?"

గ్యాస్ వచ్చేసింది, నాకన్నా ముందు నా పిల్లని పట్టుకుంది అనుకున్నాను. దానికి చూపు పోతే ఇక నాకీ మాస్కు దేనికి అనిపించి, చేతిలోది కింద పడేశాను. దాని రెండు భుజాలూ పట్టుకుని దగ్గరికి లాగినప్పుడు కనిపించింది. మాస్కు పక్కకు జారిపోయి, కుడికన్ను రబ్బరు వెనక ఉండిపోయింది. మాస్కు అద్దం వెనక ఎడమకన్ను ఒక్కటే ఉంది. మాస్కు సరిచేశాను. "వచ్చావు," అంది. నాకు వేరే అనుమానం మొదలై, ఈసారి నేనే దాన్ని పక్కకు జరిపాను. "మళ్ళీ పోయావు," అని ఆటనుకుని నవ్వింది. బయట ఏ క్షిపణి పడబోతోందో ఆ కాసేపు నాకు గుర్తే లేదు.

ప్రమాదం తప్పిందని సైరన్ మళ్ళీ మోగాక ఈయన ఇల్లు చేరారు. చెబితే నమ్మలేదు. నర్సు పాస్ చేసింది కదా అన్నారు. సైరన్‌కి నాకే మతి చెడిందన్నారు. నేను చూపిస్తాను చూడు అంటూ ఈయనే పిల్లని అట్ట ముందు నిలబెట్టి, దాని కుడికన్ను మీద తన అరచెయ్యి పెట్టారు. అది మొదలుపెట్టింది. ఈ. ఎఫ్, పీ. చూశావా అన్నట్టు నా వైపు గర్వంగా చూశారు. ఆ చూపుకి నాకు ఒళ్ళు మండిపోయింది. చప్పుడు కాకుండా వెళ్ళి అట్టని తిప్పేసి, అక్షరాలు తలుపు వైపుకి పెట్టాను. ఇవతల ఒట్టి అట్ట తప్ప ఏమీ లేదు.

పిల్ల ఆగలేదు. టీ, ఓ, జెడ్. ఎల్, పీ, ఈ, డీ. ఆ ఖాళీ అట్టని చూస్తూ, ఎప్పటిలాగే ఊగుతూ చివరి వరసదాకా చదివి, "ఫస్టేనా నాన్నా?" అని అడిగింది. ఈయన చెయ్యి ఇంకా దాని కుడికంటి మీదే ఉంది.

కళ్ళాసుపత్రిలో డాక్టర్లు సగం మంది అప్పటికే దేశం విడిచి వెళ్ళిపోయారు. మాకు దొరికింది ఖాలిదా, ప్రొద్దుటూరమ్మాయి. కంటి చూపు కొలిచి అద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టు. ఆవిడ అక్షరాల జోలికే వెళ్ళలేదు. బొమ్మల కార్డులు పేకముక్కల్లా కలిపి, ఒక్కొక్కటే చూపించింది. ఎడమకంటికి అన్నిటికన్నా పెద్ద బొమ్మ ఒక్కటే ఆనింది.

"కన్నులో ఏ రోగమూ లేదక్కా. రెండు కళ్ళ నంబరుకీ బాగా తేడా ఉండాది. మంచి కన్ను ఉండాది కదా అని మెదడు ఈ కంటిని మర్చిపోయింది. ఆ మంచి కన్ను మూసేస్తే, దిక్కులేక దీన్ని తలుచుకుంటాది."

తను చదువుకునేటప్పుడు విన్న పరిశోధన గురించి కూడా చెప్పింది. పిల్లికూనలకు ఒక కన్ను కొన్నాళ్ళు మూసి ఉంచి, తర్వాత తెరిస్తే, ఆ కన్ను బాగానే ఉన్నా కూనకు దానితో కనిపించలేదట. ఆలస్యం చేస్తే ఎంత తెరిచినా లాభం లేకపోయిందట. మా పిల్లకు ఆరో ఏడు నిండింది. గడువు ఇంకా ఉందా అని అడిగితే, ఉంది గానీ ఎక్కువ లేదంది. చూపు వస్తుందా అంటే, కొందరికి వస్తుంది, కొందరికి రాదు అంది. పోనీ ఈ సైరన్ల గోల తీరాక మొదలుపెడదామా అన్నాను.

"యుద్ధం ఎప్పుడో ఒకప్పుడు నిలిచిపోతాది. పాప వయసు నిలబడదు కదక్కా."

అద్దాలిచ్చింది. రోజూ సగం పూట కుడికన్ను మీద అంటించమని పట్టీలిచ్చింది. ఆ కాసేపూ పూసలు గుచ్చడం, బియ్యంలో రాళ్ళేరడం లాంటి దగ్గరి పనులు చేయించమంది. పట్టీ వేస్తే మా సుప్రజ గుడ్డిదే. తలుపు అంచులకు గుద్దుకునేది, అన్నం పళ్ళెం పక్కన కలిపేది. ఏ గంటలో పరిగెత్తాల్సి వస్తుందో తెలియని రోజుల్లో, కనిపించే కంటిని నా చేతులతో నేనే మూసేస్తున్నాను. నా పిల్లకు ఇంత అన్యాయం శత్రువు కూడా చెయ్యడనిపించేది.

ఒకసారి పట్టీ ఉండగానే సైరన్ మోగింది. ఆగలేక చర్రున పీకేశాను. మర్నాటి నుంచి పట్టీ అంటించినప్పుడల్లా పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చునేది.

"సైరన్ ఎప్పుడు మోగుతుందమ్మా?"

ఊరంతా ఏ మోతకు ప్రాణాలు అరచేత పట్టుకుని బతుకుతోందో, దాని కోసం నా కూతురు ఎదురు చూస్తోంది. ఆ రోజే తేల్చుకున్నాను. ఆ తర్వాత ఎన్ని సైరన్లు మోగినా అద్దాలు తీశాను గానీ పట్టీ తీయలేదు. పట్టీ మీదే మాస్కు తొడిగి, ఏమీ కనిపించని పిల్లని ఒళ్ళో పెట్టుకుని, తప్పు చేస్తున్నానేమోనని చస్తూ కూర్చునేదాన్ని. ఈయన ఆ అట్టని ముక్కలు చేసి పారేశారు. రోజుకో కొత్త బొమ్మ గీసి దాని ముందు పెట్టేవారు. అది తెలీదు అంటే, పరవాలేదమ్మా అనడం ఆ వయసులో నేర్చుకున్నారు.

యుద్ధం ఆగింది. మా యుద్ధం ఆగలేదు. పట్టీ వేసి, అమ్మ ముఖం ఉందా అని అడిగితే, ఉంది గానీ అందులో ఏమీ లేదనేది. తర్వాత్తర్వాత పెద్ద పూసలు గుచ్చింది, పువ్వుని పువ్వంది. ఖాలిదా బాగుందనేది, ఈయన మురిసిపోయేవారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఒట్టి అట్టని చూసి గడగడా చదివేసిన పిల్ల అది. ఏది చెబితే మనం సంతోషిస్తామో అది చెబుతోందేమో, ఎవరు చెప్పొచ్చారు?

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం గాలి ఉత్తరం నుంచి తిరిగింది. నల్లటి పొగ ఊరి మీదికి వచ్చేసింది. అది కువైట్‌లో తగలబడుతున్న చమురు బావులదని తర్వాత తెలిసింది. చూస్తుండగానే పట్టపగలు చీకటి పడి, వీధి దీపాలు వెలిగాయి. సైరన్ లేదు, ఎవరూ ఏమీ చెప్పడం లేదు. ప్లాంటుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. అంటుకున్నది మన ప్లాంటేనా, ఈయన అందులోనే ఉన్నారా అని నా ఆలోచన ఎక్కడెక్కడికో పోయింది. పిల్ల బెదిరిపోతుందని నోరు బిగబట్టుకుని, బల్బు కింద నిలబడి, చప్పుడు లేకుండా ఏడ్చాను. సుప్రజ గదికి ఆ చివర చాప మీద, కుడికంటికి పట్టీతో పూసలు గుచ్చుకుంటోంది. తలెత్తింది.

"ఎందుకమ్మా ఏడుస్తున్నావు?"

ముక్కు ఎగబీల్చానేమో, అది విని ఊహించిందేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి పట్టీ అంచులన్నీ వేలితో నొక్కి చూశాను. ఎక్కడా సందు లేదు. మళ్ళీ బల్బు కిందికి వచ్చి, ఊపిరి కూడా బిగబట్టి, నాలుక బయట పెట్టాను.

"నాలుక," అంది.

బుగ్గలు పూరించాను. పూరీలంది. కళ్ళు మూశాను. నిద్రపోయావంది. ఇక ఏం చెయ్యాలో తోచక ఊరికే నిలబడ్డాను. అది తల పక్కకు వాల్చి చాలాసేపు చూసింది.

"ఇప్పుడేం చేయట్లేదు. కానీ భయపడుతున్నావు."

ఆ ముఖం దానికి ఎవరూ నేర్పింది కాదు. మేము దానికి ఎప్పుడూ చూపించకుండా దాచిన ముఖం అది. బయట చీకటి అలాగే ఉంది, ఈయన దగ్గర్నుంచి ఇంకా కబురు లేదు. సైరన్లకు ఆపుకున్న ఏడుపు, పొగకు ఆపుకున్న ఏడుపు అంతా కలిపి నేను బిగ్గరగా ఏడ్చేశాను. నా కూతురు పూసలు పక్కన పెట్టి, ఎడమకంటితో నన్ను చూస్తూ కూర్చుంది.