కుడివైపు సీటు

గౌరీశంకర్ గరాజ్‌లో నిలబడి కారు తలుపు మీద వేలితో మళ్లీ తట్టాడు. తలుపులో కలిసిపోయినట్టుండే ఆ హ్యాండిల్, యజమాని చేయి దగ్గరికి రాగానే దానంతట అదే బయటికి రావాలి. కొన్న కొత్తలో బుద్ధిగా వచ్చేది. అమెరికాలోని ఈ మోరిస్‌విల్‌లో చలి మొదలయ్యాక దానికి మనసైతేనే వస్తోంది. నాలుగుసార్లు తట్టించుకుని, బెట్టు చేసి, చివరికి అరచేతి మందాన బయటికి వచ్చింది.

ఎక్కడం ఇంకో తతంగం. స్పోర్ట్స్ సెడాన్ కదా, నేలకు అంటుకున్నట్టు ఉంటుంది. యాభై దాటిన మనిషి ముందు నడుము వంచి, తల లోపలికి పెట్టి, మోకాలు పట్టుకుని, పీట మీద కూలబడినట్టు కూలబడాలి. గౌరీశంకర్ కూలబడ్డాడు. స్టార్ట్ బటన్ నొక్కగానే తెర మీద పసుపు దీపాలు వరసగా వెలిగాయి. ఒక టైర్లో గాలి తక్కువట. బ్యాటరీ నీరసంగా ఉందట. బండి నడపవచ్చు గాని సర్వీస్‌కు తీసుకెళ్లాలట. ఇంతలో సీటు, ఎవరూ అడక్కుండానే, వెనక్కి జరిగింది. పొడుగ్గా ఉన్న మనిషి ఎవరో ఇంతకు ముందు ఇక్కడ కూర్చుని వెళ్లినట్టుంది.

గౌరీశంకర్ ఆ జరగడాన్ని జాగ్రత్తగా గమనించాడు. అతను పొట్టి. స్నేహితుడు లోకేష్ పొడుగు.

బండిని డ్రైవ్‌వే మీద నుంచి రోడ్డు మీదికి ఏటవాలుగా దించాడు. తిన్నగా దిగితే ముందు భాగం సిమెంటుకు రాసుకుని, వీధంతా వినబడేలా చప్పుడు చేస్తుంది. ఏటవాలుగా దిగితే పక్కింటివాళ్ల గడ్డి నలుగుతుంది. పక్కింటాయన కిటికీ తెర తొలగించి చూడటం అద్దంలో కనబడింది. ఈయన కూడా చూస్తూనే ఉంటాడు అనుకున్నాడు గౌరీశంకర్.

అనుమానం అతని వృత్తి. ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌ను జనంలోకి వదిలే ముందు అందులో తప్పులు వెతికే ఉద్యోగం. తోటివాళ్లు రాసింది బాగుందని నమ్మిన రోజు అతనికి జీతం దండగ. ఆ వృత్తి ఇంటికి కూడా వచ్చేసింది. తేదీ దాటని పాలను కూడా వాసన చూసి గాని కాఫీలో పోయడు. తాళం వేసిన తలుపును మళ్లీ లాగి చూస్తాడు. తప్పు పూర్తిగా అతనిదీ కాదు. అమెరికా వచ్చిన కొత్తలో, అన్నయ్యా అని నోరారా పిలిచిన ఒక మనిషి తన పాత కారును ముచ్చటైన మాటలు చెప్పి అంటగట్టాడు. అది వారం తిరక్కుండా హైవే మీద పొగలు కక్కి ఆగిపోయింది. వానలో తడుస్తూ, బండిని లాక్కెళ్లే టో ట్రక్ కోసం నిలబడ్డ ఆ సాయంత్రాన్ని గౌరీశంకర్ ఇప్పటికీ మరిచిపోలేదు. తర్వాత చాలా ఏళ్లు ఏ మోజూ లేని బండ్లే నడిపాడు. కూతురి కాలేజీ చదువు ఒక దారిన పడ్డాక, జీవితంలో మొదటిసారి, అవసరం లేని వస్తువు ఒకటి కొనుక్కున్నాడు. నీలం రంగు, తోలు సీట్లు, రోడ్డు మీద జనం తల తిప్పి చూసే కారు.

ఆగస్టులో మేనకోడలి పెళ్లికి ఇండియా వెళ్లి వచ్చినప్పటి నుంచి అది రోగిష్టిదైంది. మొదట డీలర్‌ను అనుమానించాడు. తర్వాత టైర్ల షాపువాణ్ని. ఆ తర్వాత భార్య ప్రమోదను. సీటు దానంతట అదే వేడెక్కే ఆ కారెక్కితే పెనం మీద కూర్చున్నట్టు ఉంటుందని, బియ్యం బస్తా కూడా పట్టని డిక్కీతో తనకేం పనని ఆవిడ నవ్వేసింది. ఇక మిగిలింది లోకేష్. ఊళ్లో లేనన్నాళ్లూ రెండో తాళంచెవి అతని దగ్గరే ఉంది. అప్పుడప్పుడు వచ్చి స్టార్ట్ చేసి చూడమని చెప్పి వెళ్లాడు. తిరిగొచ్చి చూస్తే మీటర్లో కొన్ని మైళ్లు పెరిగి ఉన్నాయి.

అడగాలని మూడు నెలలుగా నోటిదాకా వస్తోంది. అడగలేకపోవడానికి కారణం ఒకటే. లోకేష్ తప్ప అతనికి స్నేహితుడని చెప్పుకోదగ్గ మనిషి ఈ దేశంలో లేడు. లోకేష్ రెండు వీధుల అవతల ఉంటాడు, ఒకే ఆఫీసు. ఇంట్లో ఉన్న ఒక్క కారు హాస్పిటల్లో పనిచేసే భార్య హంసిక తీసుకెళుతుంది కాబట్టి ఏళ్ల తరబడి గౌరీశంకర్ పక్కన, కుడివైపు సీట్లో కూర్చుని వస్తున్నాడు. ఆ కాస్త దూరంలో లోకేష్ చెప్పే కబుర్లే గౌరీశంకర్ రోజు మొత్తానికి సరిపడా మనుషుల మాటలు. అడిగితే ఆ సీటు ఖాళీ అవుతుందేమోనని భయం. అడక్కపోతే పక్కన కూర్చున్నది ఎవరో తెలియకుండా పోతుందేమోనని ఇంకో భయం.

లోకేష్ వీధి చివర నిలబడి ఉన్నాడు. నవ్వుతూ వచ్చి, పొడుగాటి కాళ్లు మడుచుకుని లోపల సర్దుకున్నాడు. సీటు బెల్టు పెట్టుకుంటూ తెర మీది పసుపు దీపాలను చూసి, ఇవాళ దీపావళి బాగానే ఉందన్నాడు. మిగతా రోజుల్లో అయితే గౌరీశంకర్ నవ్వేవాడే. ఇవాళ మధ్యాహ్నం సర్వీస్ సెంటర్లో అపాయింట్‌మెంట్ ఉంది. వాళ్ల దగ్గర నిజం బయటపడే ముందు ఇతని నోట వినాలని ఉంది.

"లోకేష్, ఒక మాట అడుగుతాను. నేను ఇండియాలో ఉన్నప్పుడు ఈ కారు బయటికి తీశావా?"

"తీసిన గద అన్నా. ఊకె స్టార్ట్ చేసి పెడితే బ్యాటరీ ఎక్కది. రెండు మూడు సార్లు గట్ల తిప్పుకొచ్చిన."

"నాకు చెప్పలేదు."

"పెళ్లి హడావుడిల ఉన్నవని చెప్పలె. అన్నా, నీ గరాజ్‌ల ఎలుక తిరుగుతున్నట్టున్నది. అది గూడ చెప్దామనుకున్న..."

గౌరీశంకర్‌కు ఒళ్లు మండింది. తన పనిలో రోజూ వినే మాట ఇది. ప్రోగ్రామ్ రాసినవాడు దొరికిపోయినప్పుడల్లా తప్పు నాది కాదు, సర్వర్‌ది అంటాడు. ఇతనికి ఎలుక దొరికింది.

"ఎలుకలు సీటు వెనక్కి జరుపుతాయా? నీ పిల్లల ముందు గొప్పకి తిప్పావు. ఏదో తగిలించావు. ఉన్నదున్నట్టు చెప్పేస్తే పోయేది కదా."

అన్నాక ఆ మాటలు ఎంత కటువుగా ఉన్నాయో అతనికే వినబడింది. లోకేష్ బ్యాగ్ ఒళ్లోకి తీసుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. గట్టి స్ప్రింగుల బండి కావడంతో రోడ్డు మీది ప్రతి అతుకూ నడుముకు తెలుస్తోంది. ఆఫీసు పార్కింగ్‌లో ఆగాక లోకేష్ నిదానంగా దిగాడు. తలుపు చప్పుడు కాకుండా వేశాడు. మళ్లీ వంగి, కిటికీ అద్దం దించేదాకా ఆగాడు.

"సాయంత్రం నా కోసం ఆగకు అన్నా."

కోపంగా అని ఉంటే గౌరీశంకర్‌కు ధైర్యంగా ఉండేది. తప్పు చేసినవాడికే కోపం వస్తుందని తేల్చుకునేవాడు. ఆ గొంతులో కోపం లేదు. మధ్యాహ్నం వరకు తెర ముందు కూర్చున్నాడు గాని ఏ తప్పూ పట్టలేకపోయాడు.

సర్వీస్ సెంటర్లో మెత్తటి సోఫాలు, ఉచిత కాఫీ, గోడ మీద పరుగెత్తే కార్ల బొమ్మలు. ఆ కాఫీ కూడా అతనికి అనుమానంగానే రుచించింది. కాసేపటికి ఒక అమ్మాయి వచ్చి, మీరొకసారి లోపలికి వచ్చి చూడాలంది. బోనెట్ ఎత్తి ఉంది. మెకానిక్ టార్చ్ వేసి చూపించాడు. వైర్ల మీది తొడుగు కొరికేసి, లోపలి రాగి తీగ మెరుస్తోంది. ఇంజన్ మూతకు అతికించిన దూది పీకి, ఒక మూలన గూడు కట్టి ఉంది. ఎలుక అన్నాడు మెకానిక్. సీటు జరగడం, హ్యాండిల్ మొరాయించడం, దీపాలు, అన్నీ ఆ తీగల వల్లేనట. ఇవి వాళ్లకు తరచుగా వచ్చే కేసులేనట. అయితే ఈ బండిలో ఎలుకలకు తిండి ఎవరు పెట్టారో మాత్రం అర్థం కాలేదని, ట్రేలో ఒక వస్తువు తెచ్చి చూపించాడు.

ఎర్ర గుడ్డ మూట. ఒక వైపు కొరికి ఉంది.

ముందు వాళ్లే పెట్టారని అనుకున్నాడు. అంత పెద్ద షాపువాళ్లకు ఎర్ర గుడ్డతో ఏం పనని మరుక్షణం అతనికే తోచింది. తర్వాత ముడి చూశాడు. రెండు చుట్లు చుట్టి, చివర లోపలికి దోపిన ముడి. అది అతను వేసే ముడే. ఊరెళ్లే ముందు రోజు, గుళ్లో వాహనపూజకు మిగిలిన అక్షింతలు, కొబ్బరి ముక్క, చిన్న బెల్లం గడ్డ కలిపి మూట కట్టి, తాను లేనప్పుడు కారుకు దిష్టి తగలకుండా బ్యాటరీ పక్కన తన చేతులతోనే కట్టి వెళ్లాడు. పూజారి చెప్పలేదు, ప్రమోద చెప్పలేదు. ఊళ్లో లేని రోజుల్లో ఎవరి కళ్లు పడతాయోనని తనకే పుట్టిన ఆలోచన. గుడ్డలో ఇప్పుడు అక్షింతల గింజ ఒక్కటి కూడా లేదు. గుడ్డకు పసుపు మరక మాత్రం ఉంది.

ఆ అమ్మాయి ఇది మీ దేశపు ఆచారమా అని మర్యాదగా అడిగింది. అవునన్నాడు. సిగ్గుతో చెవులు కాలాయి. సిగ్గు ఆ అమ్మాయి ముందు కాదు.

బండిని అక్కడే వదిలి, వాళ్లిచ్చిన అరువు కారులో ఆఫీసుకు వచ్చాడు. ఆ కారు తలుపు ఒక్కసారి లాగగానే తెరుచుకుంది. లోకేష్ కుర్చీ ఖాళీగా ఉంది. పక్కవాళ్లను అడిగితే అదే ఆఫీసులో పనిచేసే మానవ్‌తో కలిసి పెందరాళే వెళ్లిపోయాడన్నారు. ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేయడానికి మొహం చెల్లలేదు.

నేరుగా లోకేష్ ఇంటికి వెళ్లాడు. దారిపొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. తప్పు నాదేరా అని మొదలుపెట్టాలి. మొదలుపెడితే చాలు, మిగతాది లోకేష్ నవ్వి తేల్చేస్తాడు. తలుపు తీసింది హంసిక. హాస్పిటల్ నుంచి అప్పుడే వచ్చినట్టు ఇంకా యూనిఫాంలోనే ఉంది. ఆమె వెనక గోడ వారగా లోకేష్ బూట్లు ఉన్నాయి. లోపల పిల్లలతో ఏదో మాట్లాడుతున్న లోకేష్ గొంతు ఠక్కున ఆగిపోయింది.

"ఆయన లేరండి."

గౌరీశంకర్ గుమ్మంలో నిలబడిపోయాడు. ఈ ఇంటి మెట్లెక్కిన మొదటి రోజు నుంచి హంసిక అన్నయ్యా అనే పిలిచింది. రాఖీ పండక్కి చేతికి దారం కట్టింది. అండి అని ఎన్నడూ అనలేదు.

"చిన్న మాట చెప్పి వెళతానమ్మా. కారు సంగతి. అతని తప్పేం లేదు."

"మాకు తెలుసండి," అంది హంసిక. "రేపటి నుంచి మానవ్ వాళ్ల కార్లో వెళ్తారు. మీకు తిప్పలు ఉండవు."

తలుపు విసురుగా వేయలేదు. అతను మెట్లు దిగేదాకా ఆగి, మెల్లగా మూసింది. మొగుడూ పెళ్లాం ఇద్దరిదీ ఒకటే పద్ధతి అనిపించింది గౌరీశంకర్‌కు. అనుమానించడం ఎంత సులువో, అనుమానం తీరిపోయాక నమ్మించడం అంత కష్టమని ఈ వయసులో తెలిసొచ్చింది.

ఇంటికి వచ్చి గరాజ్ తలుపు ఎత్తాడు. నీలం కారు లేని గరాజ్ పెద్దగా, బోసిగా కనిపించింది. ప్రమోద లోపలి నుంచి తొంగిచూసి ఏమైందని అడిగింది. ఎలుక అన్నాడు. ఆవిడ ఇంకేదో అడగబోయి, అతని మొహం చూసి లోపలికి వెళ్లిపోయింది. ఎలుక ఎటు నుంచి వస్తోందో చూద్దామని ఫోన్ దీపం వేసుకుని మోకాళ్ల మీద వంగాడు. చలికి మోకాళ్లు నొప్పెట్టాయి. పాత పెట్టెల వెనక, గోడకు ఆనించి, నీళ్ల హీటర్ కింద ఏదో మెరిసింది. చేయి పెట్టి ముందుకు లాగాడు.

ఇనుప తీగల బోను. తలుపు ఎత్తి, కొక్కేనికి తగిలించి ఉంది. లోపల ఎలుక ఎప్పుడూ అడుగుపెట్టలేదు. దానికి పైన, బోనెట్ కింద, అంతకన్నా మంచి భోజనమే దొరికింది. బోను మధ్యలో, పెళ్లి సామాన్లలో ఇచ్చేలాంటి చిన్న స్టీలు గిన్నె, దాని అంచు మీద చెక్కిన హంసిక పేరు, అందులో ఎండి అంచులు పైకి లేచిన కొబ్బరి ముక్క.