కాపురం ఉండే పని

రాత్రి గడియ పెట్టిన కిటికీ తెల్లవారేసరికి మళ్లీ తెరిచి ఉంది. నిబారణ్ సామంత చాప చుట్టి మూలకు నిలబెట్టాడు. "లేచారా దీదీ? ఇంకో నాలుగు రోజులు ఓర్చుకోండి" అన్నాడు ఖాళీ గదితో. గొంతులో భయం లేదు. పక్క వాటావాళ్లను పలకరించినట్టే ఉంది.

ఆ గదిలో చారుశీల అనే సంగీతం టీచరు పోయింది. మూడో రోజుకు గాని ఎవరికీ తెలియలేదు. అప్పటినుంచి ఇంటి యజమాని అక్రూర్ నందీకి కంటిమీద కునుకు లేదు. అద్దెకొచ్చినవాళ్లు గుమ్మంలోనే అడుగుతారు, ఇక్కడెవరైనా పోయారా అని. లేదని చెబితే కింద టీ కొట్టువాడు నిజం చెప్పేస్తాడు. అవునంటే అక్కడికక్కడే చెప్పులు తొడుక్కుంటారు. తాళం వేసి ఉంచితే గది బూజెక్కుతుంది, పుకారు పెరుగుతుంది.

ఉత్తర కలకత్తాలో ఈ చిక్కు వచ్చిన యజమానులు నిబారణ్‌కు కబురు పెడతారు. పేరు చెడిన గదిలో కొన్నాళ్లు కాపురం ఉండడమే అతని పని. వండుకోవాలి, బట్టలు ఆరేయాలి, చూడవచ్చినవాళ్లకు బతికున్న మనిషిగా కనపడాలి. ముప్పై ఏళ్లలో అరవై పైచిలుకు గదులు. తనదంటూ ఒక్కటీ లేదు.

బక్క మనిషి. ఎడమకంట్లో పాలపొర. అడుగు చప్పుడు కాకుండా నడిచేవాడు. గదిలో తిరిగేది అతనో, ఇంకొకరో తెలియడం లేదని కింది వాటావాళ్లు గొణుక్కునేవారు. ఏ గదిలోనైనా సగంలోనే పడుకునేవాడు. మిగతా సగం పోయినవాళ్లది.

మధ్యాహ్నం బ్రోకరు తారక్ ఒక జంటను తీసుకొచ్చాడు. భర్త గోడలు తట్టి చూస్తుంటే భార్య పారుల్ నేరుగా నిబారణ్ ముందుకొచ్చి నిలబడింది.

"కాకాబాబూ, నా మీద ఒట్టేసి చెప్పండి. రాత్రుళ్లు ఏమైనా ఉందా?"

"ఉంది తల్లీ. కిటికీ తెరుచుకుంటుంది. ఆవిడకు ఉక్క పడదు."

తారక్ నెత్తి పట్టుకున్నాడు. "నా కొంప ముంచావు కదయ్యా నిబారణ్‌దా!"

పారుల్ కిటికీ వైపు కాసేపు చూసింది. "నాకూ పడదు" అంది. అబద్ధం చెప్పని గది దొరకడమే గొప్ప అని భర్తను ఒప్పించింది.

పారుల్‌వాళ్లు కాపురం పెట్టిన రోజే అక్రూర్ నందీ, గది నిండితే నిబారణ్‌కు ఓ చోటు ఇస్తానన్న మాట మీద నిలబడ్డాడు. మెట్ల కింది గది తాళంచెవి నిబారణ్ చేతిలో పెట్టాడు. "ఇక తిరిగింది చాలు. నువ్వు బతికినన్నాళ్లూ అది నీదే."

"అయితే మీకు పెద్దగా నష్టం లేదు, నందీబాబూ" అని నవ్వాడు నిబారణ్.

కిటికీ లేని చిన్న గది అది. గుమ్మంలో నిలబడి అలవాటుగా "ఎవరండీ లోపల?" అన్నాడు. ఎవరూ లేరు. అక్కడ ఎవరూ ఎప్పుడూ పోలేదు. ఆ నిశ్శబ్దం అతనికి కొత్త. అరవై గదుల్లో పుట్టని భయం ఇక్కడ పుట్టింది. చాప గోడవారగా పరిచి, మళ్లీ ఆలోచించి గది నడిమధ్యకు లాగాడు. వీధిలోకి వెళ్లి ఒక మేకు కొని తెచ్చాడు. ఇతరుల గోడకు ఏనాడూ మేకు కొట్టినవాడు కాదు. ఇటుకముక్కతో నాలుగు దెబ్బలు వేసి, నీలం చొక్కా విప్పి తగిలించి, దాన్నే చూస్తూ పడుకున్నాడు.

దీపాల వేళ పారుల్ గిన్నెలో మరమరాలు పట్టుకుని దిగింది. "కాకాబాబూ!" అని రెండుసార్లు పిలిచింది. తలుపు ఓరగా తీసే ఉంది. నిబారణ్ కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్ప పడడం లేదు.

నందీ మెట్ల కింది గదికి సున్నం వేయించాడు. వచ్చినవాళ్లు గుమ్మంలోనే అడుగుతున్నారు. కాపురం ఉండి చెడ్డపేరు మాపడానికి పంపుదామంటే మనిషి లేడు. సున్నం వేసినవాళ్లు మేకు ఉన్న ఆ ఒక్క గోడను మాత్రం ముట్టలేదు. గాలి చొరబడే సందైనా లేని ఆ గదిలో నీలం చొక్కా, చేతులు రెండూ వేలాడేసుకుని, మేకు మీద మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది.