వదిలెయ్ అక్కా

తెర మీద చెల్లెలి మణికట్టు లోపలి భాగం కనిపిస్తోంది. సన్నటి గొట్టం చివరనున్న కెమెరా ఆపరేషన్ సమయంలో తీసిన దృశ్యం అది. ఎముకల మధ్య తెల్లటి పోగులు బూజులా వేలాడుతున్నాయి.

"కదలిక లేక లోపలంతా అతుక్కుపోయింది," అన్నాడు సర్జన్. "చిన్న చిన్న రంధ్రాలు పెట్టి విడదీశాం. ఇక వంచడం మీ పని. బద్ధకిస్తే మళ్ళీ పట్టేస్తుంది."

అక్క తల ఊపింది. ఈ మాట ఆమెకు కొత్త కాదు.

చెల్లెలు సెలూన్‌లో జుట్టు కత్తిరిస్తుంది. అక్కడే తడి నేల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక ఏం చెయ్యాలో ఫిజియోథెరపిస్టు నేర్పింది. అరచేయి బల్ల మీద ఆనిస్తే, నొప్పి మొదలైన చోట ఆగకుండా, ఇంట్లోవాళ్ళు ఇంకాస్త వంచాలి. మొదటి రోజే చెల్లెలు "వదిలెయ్ అక్కా!" అని అరిచింది. అక్క వదిలేసింది. మర్నాడు అరవకముందే వదిలేసింది. తర్వాత ఆ ఊసే లేదు. ఆస్పత్రిలో అడిగితే "రోజూ చేస్తున్నామండీ" అని అక్కే ముందుగా చెప్పేది. చెల్లెలు కిటికీ వైపు చూసేది.

అప్పుడు దాన్ని జాలి అనుకుంది అక్క. ఆ తెల్లటి పోగుల ముందు నిలబడితే ఆ పేరు చాలలేదు. ఆ నెలల్లో చెల్లెలికి జడ వేసింది, బొత్తాలు పెట్టింది, ముద్దలు తినిపించింది. వేరే గది చూసుకుని వెళ్ళిపోతానన్న చెల్లెలు ఆ మాటే మానేసింది. అక్కకు ఎన్నడూ లేనంత హాయిగా నిద్ర పట్టేది.

మర్నాడు పొద్దున్నే ఫిజియోథెరపిస్టు వార్డులోకి వచ్చి, అక్క ఎలా వంచుతోందో చూసింది.

"పిల్లిపిల్లని నిమురుతున్నారా అండీ? నొక్కండి!"

"మా అక్క బొద్దింకని కూడా బతిమాలి బయటికి పంపిస్తుందండీ," అంది చెల్లెలు.

ఆవిడ నవ్వుతూ పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. అక్క నొక్కింది. చెల్లెలి ముఖం పాలిపోయింది.

"చాల్లే, వదిలెయ్ అక్కా."

అలవాటుగా అక్క వేళ్ళు సడలాయి. చెల్లెలు కళ్ళు తెరిచి ఆమెనే చూసింది.

"మళ్ళీ వదిలేశావా?"

"నువ్వే కదే వదిలెయ్యమన్నావు?"

"అంటాను. నొప్పెడితే పాట పాడతానా? నువ్వెందుకు వింటావు? సెలూన్‌లో నా కుర్చీ ఇంకెన్నాళ్ళు ఖాళీగా ఉంచుతారే?"

ఎందుకు విన్నదో అక్కకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. చెప్పేస్తే చెల్లెలు క్షమిస్తుంది. తన బరువు దిగుతుంది. చెయ్యి మాత్రం అలాగే ఉంటుంది.

చెల్లెలి అరచేతిని మళ్ళీ బల్లకు ఆనించి, భుజం బలమంతా పెట్టి నొక్కింది.

"వదులు! రాక్షసీ!"

వార్డంతా ఇటు తిరిగింది. అక్క వదల్లేదు. ఆమె చేతి కింద మణికట్టు మొండికేసి, మొండికేసి, కాస్త వంగింది. అంత మేరా చెల్లెలు తన ఇంట్లోంచి బయటికి జరిగినట్టు అనిపించింది అక్కకు.

ఇంకాస్త నొక్కింది.