కోటు చేతికి కుట్టిన పేరు

చైనా బయటి ప్రపంచానికి తలుపులు తెరిచిన కొత్తల్లో షాంఘైలో కోటు కొన్నవాడెవడూ చేతి అంచున ఉన్న లేబుల్ విప్పేవాడు కాదు. విదేశీ సరుకని నలుగురికీ తెలియొద్దూ మరి! దర్జీ గూ మాస్టారు వాళ్లను చూసి నవ్వుకునేవాడు. "కొన్నాక కత్తిరించి పారెయ్యాల్సిన ముక్కరా నాయనా అది" అని చెప్పినా వినేవాడు లేడు.

ఆయన కూతురు పెయ్‌లాన్‌కి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు కోటు ఆయనే కుట్టాడు. నలభై ఏళ్ల పనితనమంతా అందులో పోశాడు. పెయ్‌లాన్ చూసి మురిసిపోయింది. మరునాడు మాత్రం బజారులో కొన్న విదేశీ లేబుల్ ఒకటి తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

"ఇది కుట్టు నాన్నా. కోటు హాంకాంగ్ నుంచి తెప్పించామని చెప్పాను వాళ్లతో."

"నా కోటుకేం తక్కువైందే?"

"ఏం తక్కువ కాలేదు. ఇంట్లో కుట్టిందంటే వాళ్ల కంటికి ఆనదు. అత్తారింట్లో నా పరువేం కాను?"

గూ మాస్టారు సూదిలో దారం ఎక్కించాడు.

పెళ్ళి విందులో వియ్యంకుడు చువాంగ్ తన కొడుకు కోటు తడిమి తడిమి చూశాడు. ఆ విదేశీ అక్షరాలు రాకపోయినా లేబుల్‌ని కళ్లకద్దుకున్నంత పని చేశాడు.

"పనంటే ఇదీ బావగారూ! మనవాళ్లు ఏడు జన్మలెత్తినా ఇలా కుట్టగలరా? మీరే చెప్పండి, మీ వల్ల అవుతుందా?"

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. మద్యం పోస్తున్న పెయ్‌లాన్‌కి నిజం నాలిక చివరిదాకా వచ్చింది. అత్తగారి ముఖం చూసి మింగేసింది.

"నా వల్లెక్కడవుతుంది బావగారూ" అన్నాడు గూ మాస్టారు.

"అయితే కోడలా, నాకూ అక్కణ్నుంచే ఒకటి తెప్పించమ్మా. కొలతలు మీ నాన్న తీస్తార్లే, ఆమాత్రం వచ్చుగా!"

హాంకాంగ్‌లో వాళ్లకెవరూ లేరు. ఈ కోటూ నాన్నే కుట్టాలి, ఆయన చేత్తోనే దాని మీద ఇంకొకడి పేరు వెయ్యాలి. ఒక్క మాట అనలేకపోయినందుకు పెయ్‌లాన్‌కి తనమీద తనకే అసహ్యం వేసింది.

గూ మాస్టారు జేబులోంచి టేపు తీసి వియ్యంకుడి ఛాతీ, నడుము, చేతుల పొడవు కొలిచి చెబుతుంటే, ఆమె సిగరెట్టు పెట్టె వెనక రాసుకుంది.

"కుడి భుజం కాస్త దిగి ఉంది, అదీ రాయమ్మా" అన్నాడాయన. "అక్కడి దర్జీకి తెలియాలిగా."

పెయ్‌లాన్ అదీ రాసింది.