రోజుకు మూడు బిళ్ళలు

రామాంజినమ్మ సంచి భుజానికి తగిలించుకుని, రెండడుగులు వేసి, మళ్ళీ దించి చూసుకుంది. పొద్దుటినుంచి ఇది నాలుగోసారి. మాత్రల అట్టలు ఉన్నాయి. ఎక్కడికి పోతాయి! అయినా చేతికి తగిలితే గాని ఆమెకు కాలు ముందుకు పడటం లేదు. ఆటోలు తిరగడం మానేసి రెండు నెలలైంది. బెళుగుప్ప రోడ్డు నుంచి మాత్రలు ఇవ్వాల్సిన పల్లెకు రెండు మైళ్ళు, నడక తప్పదు.

నలభై అయిదేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. చెప్పులు ఎప్పుడూ ఎడమ మడమ వైపే అరిగిపోతాయి. పద్నాలుగేళ్ళుగా ఆశా కార్యకర్త. ఎవరూ దండ వేసి మెచ్చుకునే పనేమీ కాదు. గర్భిణులను ఆస్పత్రికి తరమడం, పసిపిల్లలకు టీకాలు గుర్తుచేయడం, క్షయ ఉన్నవాళ్ళ చేత మాత్రలు మింగించడం. ఈ చివరి పనిలో మాత్రం ఆమె రాక్షసి.

"నోరు తెరువన్నా. నాలుక ఎత్తు," అని మూడు బిళ్ళలూ గొంతు దిగిందాకా, ఆ పల్లెలో క్షయ ఉన్న శివప్ప ఎదుట నుంచి కదిలేది కాదు. కూలికి పోవాల్సిన శివప్ప నవ్వేవాడు. "నా పెండ్లాం గూడా నన్ను ఇంత గట్టిగా చూడదమ్మా."

ఉగాదికి కరోనా అని అన్నీ మూసేశారు. పల్లెవాళ్ళు తుమ్మకంప కొట్టి దారికి అడ్డం వేసుకున్నారు. బయటి మనిషి లోపలికి రాకూడదు. ఊరూరా తిరిగే ఆశా అసలే రాకూడదు. అందుకని కొత్త పద్ధతి పెట్టుకున్నారు. సోమవారం సోమవారం ఆమె వారానికి సరిపడా మాత్రలు కంపకు తగిలించి పదడుగులు వెనక్కి జరిగేది. శివప్ప వచ్చి వాటిని తీసుకుని, ఖాళీ అట్టలు అదే ముల్లుకు గుచ్చిపోయేవాడు. ఆమె ఒక్కో గుంతా వేలితో తడిమి చూసి కార్డులో టిక్కు పెట్టేది. ఒక్క బిళ్ళ మిగిలేది కాదు.

బిళ్ళలు సరిగ్గానే అయిపోతున్నాయి. మనిషే తరిగిపోతున్నాడు. చొక్కా వారం వారం వదులవుతోంది. పోయిన సోమవారం దగ్గు తెర వచ్చి, కంప అని కూడా చూడకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"నిజంగా మింగుతాండావా అన్నా?"

"అట్టలు చూసుకోమ్మా," అన్నాడు శివప్ప, ఆమె ముఖం చూడకుండా.

అప్పటినుంచి ఆమెకు అన్నం సయించలేదు. ఇంకో దిగులు కూడా ఉంది. ఏ ఊళ్ళోనూ దగ్గు వినపడటం లేదు. దగ్గు ఉందా అని అడిగితే చాలు, తలుపులు మూసుకుంటున్నారు. దగ్గినవాణ్ణి బండెక్కించి ఎక్కడికో తీసుకుపోతారని భయం. "ఈ నెల పరీక్షకు కళ్ళె డబ్బా ఒక్కటి గూడా రాలేదక్కా. క్షయ తగ్గినట్టుండాది," అన్నాడు ల్యాబులో పనిచేసే శశికుమార్, సంతోషంగా. ఆమెకు ఒళ్ళు మండింది. నిన్నమొన్నటి దాకా ఊళ్ళనిండా ఉన్న దగ్గులన్నీ ఏమైపోయినట్టు?

ఈ సోమవారం ఎండ నెత్తికెక్కేసరికి కంప దగ్గరికి చేరింది. శివప్ప లేడు. కాపలా ఉన్న దేవేంద్ర తువ్వాలు మూతికి చుట్టుకుని లేచాడు.

"ఆన్నే ఆగక్కా!"

"శివప్పన్న యాడ?"

దేవేంద్ర కాసేపు గుట్ట వైపు చూశాడు. "లేడక్కా. నిన్న పొద్దున పాయె. నలుగురమే మోసకపోయి పూడ్చినాము. ఎవురికీ చెప్పాకు. కరోనా అని ఊరి మీద పడతారు."

రామాంజినమ్మ చెయ్యి సంచిలోకి పోయి మాత్రలు పట్టుకుంది. వాటిని ఏం చేయాలో తెలియలేదు.

అప్పుడు సందులోంచి శివప్ప భార్య ఓబమ్మ వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని, మాటకంటే ముందు దగ్గే వచ్చింది. ఆ దగ్గు రామాంజినమ్మకు బాగా తెలుసు.

"ఎన్నాళ్ళాయె వదినా ఇది?"

"ఉగాది ముందర్నించి."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నన్ను యాడికి తోలకపోతారో అని ఆయప్పకు భయం. 'నాకు సగం బాగైపాయె, మూడు బిళ్ళలు నాకెందుకు' అనె. తాను ఒకటి మింగి, నాకు రెండిస్తాండె."

రామాంజినమ్మ సంచిలోంచి కార్డు తీసి చూసుకుంది. నాలుక ఎత్తమని గద్దించిన మనిషి, ఖాళీ అట్టలు చూసి మురిసిపోయి టిక్కులు పెట్టింది! తన మీద తనకే అసహ్యం వేసింది. ఏడుపు వచ్చింది గాని ఏడవడానికి ఇది వేళ కాదు. కార్డు సంచిలో పడేసి, ఉత్త చేతులతో కంప పట్టి లాగింది.

"ఏం పనక్కా అది!" అన్నాడు దేవేంద్ర.

"దీన్ని ఎవురికి అడ్డం పెట్టినారప్పా? రోగం లోపలే ఉండాదే!"

మనిషి పట్టేంత సందు అయింది. అరచేతుల్లో నెత్తురు చీరకు తుడుచుకుంది. "నడువొదినా. డబ్బాలో కళ్ళె పట్టాల. నీ బిళ్ళలు నీకే మూడూ ఇస్తా. నా ఎదురుగానే మింగల్ల."

ఓబమ్మ ఒకసారి వెనక్కి తిరిగి మూసి ఉన్న ఇంటి తలుపు చూసింది. బయటికి వస్తూ, పెనిమిటి చేసినట్టే, చేతిలోని ఆ వారం చివరి అట్టను ముల్లుకు గుచ్చింది.

"నిన్న పొద్దున నా రెండూ మింగితి. ఆయప్పను లేపితే లెయ్యలే."

ఇద్దరూ రోడ్డు వైపు నడిచారు. దేవేంద్ర కంపను మళ్ళీ దారికి అడ్డంగా లాగాడు. దాని కొమ్మకు వేలాడుతున్న అట్టలో గుంతలన్నీ చిరిగి ఉన్నాయి. చివరి గుంతలో మాత్రం బిళ్ళ ఒకటి అలాగే ఉంది.