యాభై తొమ్మిది నిమిషాలు

వెల్మా మెడలో వేలాడేది ఆకుపచ్చ బిళ్ళ, అంటే కాంట్రాక్టు కంపెనీ మనిషి. పద్దెనిమిదేళ్లలో ఆ కాంట్రాక్టు నాలుగు కంపెనీల చేతులు మారింది గానీ, ఆవిడ కుర్చీ మారలేదు, బిళ్ళ రంగూ మారలేదు. నీలం బిళ్ళల వాళ్లు సర్కారు మనుషులు. సెలవుల ముందు శుక్రవారం వాళ్లని యాభై తొమ్మిది నిమిషాలు ముందే ఇంటికి పంపడం ఆ ఆర్లింగ్టన్ ఆఫీసులో ఆనవాయితీ. నిండు గంటైతే పైవాళ్ల సంతకం కావాలి మరి! ఆకుపచ్చ వాళ్లకి ఆ దయ దక్కదు.

ఈ శుక్రవారం నాలుగింటికే మనవరాలు జూన్ బడిలో ట్రంపెట్ వాయిస్తుంది. కిందటి రెండుసార్లూ వెల్మా వెళ్లలేకపోయింది. "ఈసారీ రాకపోతే నీతో కటీఫ్, అమ్మమ్మా" అని పిల్ల తేల్చేసింది.

మూడున్నర దాటిన నిమిషానికి కొత్త బాస్ గ్రాంట్ బయటికొచ్చి "యాభై తొమ్మిది!" అని కేకేశాడు. నీలం బిళ్ళలన్నీ చిటికెలో మాయమయ్యాయి.

"నేనూ వెళ్లనా సార్?"

"నన్నడుగుతావేంటి? మీ కంపెనీని అడుక్కో. రూల్ రూలే."

కంపెనీ మేనేజరు మార్సీ అప్పటికే సముద్రపు ఒడ్డున ఉంది, ఫోనెత్తదు. వెల్మాకి ఒళ్లు మండింది. గ్రాంట్ గోల్ఫ్ సంచి భుజానేసుకున్నాడు.

"మరి నాకు కాపలా ఎవరు సార్?"

"కాపలా ఏంటి?"

తలుపు మీది కాగితం చూపించింది. నీలం బిళ్ళ లేని గదిలో ఆకుపచ్చ బిళ్ళ ఉండరాదు.

"అయితే నువ్వూ పో!"

"అయ్యో, మీరు పొమ్మంటే నేను పోకూడదు సార్. నాకు చెప్పాల్సింది మా మార్సీ. ఉండకూడదు, పోకూడదు. మీరు నాలుగున్నర దాకా ఇక్కడే కూర్చుంటే ఏ గొడవా లేదు. రూల్ రూలే కదా!"

గ్రాంట్ వాచీ చూసుకున్నాడు. సంచి దించాడు, మళ్లీ ఎత్తాడు.

"దీనికి మందేదైనా ఉందా, వెల్మా గారూ?"

'గారు' ఇప్పుడొచ్చిందన్నమాట!

"గది మూసేశామని మీరు రాసిస్తే, మూసిన గదిలో నేనెలా ఉంటాను?" అంటూ సొరుగులోంచి కాగితం తీసింది. పొద్దున్నే టైపు చేసి పెట్టుకుంది. గ్రాంట్ చదవకుండానే సంతకం గీకేశాడు.

లిఫ్ట్‌లో గొణిగాడు, "ఆ తలుపు మీద దిక్కుమాలిన రూల్ రాసిందెవరో!"

"సంతకం మీ ముందు బాస్‌ది సార్. ఆయనా చదవలేదు" అంది వెల్మా. పదేళ్ల కిందట దాన్నీ టైపు చేసింది తనే.

నాలుగు దాటి రెండు నిమిషాలకి బడి హాల్లోకి దూరింది. ఆకుపచ్చ బిళ్ళ తియ్యడం కూడా మరిచిపోయింది. మూడో వరసలో ఆ బిళ్ళని చూడగానే జూన్‌కి నవ్వాగలేదు, మొదటి స్వరమే తప్పిపోయింది. వెల్మా లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టింది.