ఫ్రిజ్ ఉన్న ఇల్లు

కంచం కడగబోతూ, మొగుడు వదిలేసిన రొట్టెముక్కను ఆమె నోట్లో వేసుకుంది. వెనకనుంచి జుట్టు పట్టుకుని లాగాడు. "రాత్రి నాకు ఎదురు చెప్పినప్పుడు ఏమైంది ఈ ఆకలి?" అంటూ తల గోడకేసి కొట్టాడు. పడిపోకుండా తెరిచి ఉన్న ఫ్రిజ్ అంచు పట్టుకుంటే, ఆ తలుపును ఆమె వేళ్ల మీదే మూశాడు. సరిగ్గా పడలేదనుకున్నాడేమో, తెరిచి మళ్లీ మూశాడు. తర్వాత తీరిగ్గా గొలుసు చుట్టి, తాళం వేసి, తాళంచెవి మెళ్లో వేసుకుని బూట్లు తొడుక్కున్నాడు. ముందుగదిలోంచి అత్తగారు, మగాడన్నాక ఆ మాత్రం కోపం ఉండదా, నోరు అదుపులో పెట్టుకుంటే హాయిగా మూడు పూటలా తినొచ్చు కదా అని హితబోధ మొదలుపెట్టింది. ఆ ఇంట్లో తాళం వేయనిది ఆవిడ హితబోధ ఒక్కటే.

దెబ్బలు కొత్త కాదు. ఇవాళ కొత్తది ఇంకొకటి జరిగింది. అమ్మ కోసం రాత్రి తన రొట్టెలో సగం బడిసంచీలో దాచిన కూతురు పొద్దున్నే తండ్రికి దొరికిపోయింది. చెంప ఛెళ్లుమనిపించి, "అమ్మ మీద అంత ప్రేమా? అయితే ఇవాళ్టినుంచి నీకూ తిండి లేదు" అన్నాడు. పిల్ల ఏడవలేదు, ఖాళీ కడుపుతో బడికెళ్లింది. ఆ ఏడవకపోవడమే తల్లిని కోసేసింది. సింకులో కత్తి ఉంది. తాళంచెవి వేలాడే ఆ మెడ ఎదురుగా ఉంది. పోటు ఎక్కడ దిగాలో కూడా ఆమెకు కనిపించింది. చేయి కత్తిదాకా వెళ్లింది కూడా. వాచిన వేళ్లకు పట్టు దొరకలేదు గానీ, లేకపోతే ఏమయ్యేదో. గబగబా చెప్పులేసుకుని బయటపడింది.

చేసే ఉద్యోగం చూస్తే నవ్వొస్తుంది. ఒక సేవాసంస్థ ఆఫీసులో కూర్చుని, ఊరి మ్యాపు మీద తిండిలేని ఇళ్లకు ఎర్రచుక్క, తిండి ఉన్న ఇళ్లకు పచ్చచుక్క పెడుతుంది. ఎర్రచుక్కలు చూసుకుని వ్యాను రొట్టెలూ పాలూ పంచుతుంది. మేనేజరు పెట్టిన రూలు ప్రకారం, ఫ్రిజ్ ఉన్న ఇల్లు ఆలోచించకుండా పచ్చ. ఎడంచేత్తో మౌసు కదుపుతున్న ఆమెను చూసి ఆయన, మళ్లీ తలుపు పడిందా, మీ ఆడవాళ్లకి తలుపులతో ఏం పగో అని నవ్వాడు. పక్కవాళ్లూ నవ్వారు. ఎప్పటిలా తనూ నవ్వబోయింది గానీ, దవడ సహకరించలేదు.

అప్పుడే వ్యాను నడిపే అక్క లోపలికొచ్చింది. నిన్న ఒక పచ్చ ఇంటి కిటికీలోంచి ఒకావిడ చేయి చాపిందని, ఇవ్వాలా వద్దా అని అడిగింది. ఫ్రిజ్ ఉన్నవాళ్లకి పంచితే దాతలకు ఏం మొహం చూపిస్తామని మేనేజరు కసిరాడు. ఆ కిటికీలోంచి చాచిన చేయి ఎలా ఉంటుందో ఆమెకు చూడకుండానే తెలుసు. ఫ్రిజ్ ఉందా అని ఊరంతా అడిగారు. తాళంచెవి ఎవరి మెళ్లో ఉందని ఒక్కరూ అడగలేదు. ఒళ్లు మండిపోయింది. మ్యాపులో తన వీధి వెతికి, తన ఇంటి మీద ఎర్రచుక్క పెట్టింది.

గోడమీది పెద్ద తెరలో, పచ్చటి వీధి మధ్య ఆ ఒక్క చుక్కా అందరికీ కనబడింది. మేనేజరు విసుక్కున్నాడు. "ఆ వీధిలో ఆకలేంటమ్మా? తీసెయ్."

"తీయను. అది నా ఇల్లు." వాచిన చేతిని బల్లమీద పెట్టింది. "ఇది తలుపు పడిన చెయ్యి కాదు, తలుపేసి నలిపిన చెయ్యి."

ఎవరూ నవ్వలేదు. అక్క రొట్టెల బుట్ట ఎత్తుకుని, "పద, ముందు మీ ఇంటికే ఇచ్చొద్దాం" అంది.

ఇస్తే ఏమవుతుంది? అత్తగారు అందుకుంటుంది, సాయంత్రానికి అవి గొలుసు వెనక్కి వెళ్తాయి. ఆమె బుట్టలోంచి ఒక రొట్టె తీసి, విరిచి, సగం అందరి ఎదుటా నిలబడి తింది. మిగతా సగం సంచీలో పెట్టుకుంది.

"ఆ ఇంటికి ఏమీ అక్కర్లేదక్కా. ఆ ఇంట్లో ఆకలితో ఉన్నది నేనూ, నా కూతురూ. ఒకదాన్ని ఇక్కడున్నాను, రెండోది బడిలో ఉంది. బండి బడివైపు పోనీ."